శిశువు నోటి మాట, పుస్తకపు మాట: గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జీవితము

రజతోత్సవ సంచికకు ఒక మహనీయుని చరిత్రము వ్రాసి యిమ్మని గ్రంథాలయ కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, నేనొక ప్రాచీన కవిని గూర్చి వ్రాయుదునని పలువురు తలచిరి. పగలెల్ల గ్రామపు లెక్కల నడుమ గడపి, రాత్రివేళ దీపము ముందు భారత భాగవతములను స్వయముగా చదువుకొన్నవాడను గనుక అట్లు తలచుట సహజమే. కాని గ్రంథాలయమునకు కవి యెంత అవసరమో చదువరియు నంత అవసరము. చదువరి లేని గ్రంథాలయము నీరు లేని చెరువు వంటిది. ఆ చదువరి మన బీరువాల ముందు పుట్టుట లేదు. ఇంటిలో తల్లి యొడిలోనో, అరుగుమీద తాతగారి చాపపైననో పుట్టుచున్నాడు. ఆ పుట్టుకకు అడ్డుపడు ముల్లు ఏదియో కనిపెట్టి, దానిని తీసివేయుటకై జీవితమును ధారవోసిన మహనీయుడు గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు.

ప్రతి సంవత్సరమును ఆగస్టు 29వ తేదీని తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. ఆనాడు పంతులుగారి పటమునకు పూలమాల వేయుదుము, వ్యావహారిక భాషోద్యమ పితామహుడని కీర్తింతుము, మరునాడు మరతుము. ఆ యుద్యమము పండితులకును పండితులకును జరిగిన వాగ్యుద్ధమని మాత్రమే చాలమంది యెరుగుదురు. అది కొంతవరకు నిజమే. కాని దాని వేరు వెదకినచో పండితసభ కంటె ముందు ఒక కొండజాతి బాలుని చేతిలోని పలక కనబడును. ఆ పలక మొదలుకొని వారి కథను చెప్పుట యీ వ్యాసమున కుద్దేశము.

పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీని శ్రీకాకుళ ప్రాంతమున, వంశధారానదీ తీరమునందలి పర్వతాలపేట యను గ్రామమున జన్మించిరి. తండ్రి వీర్రాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. ఆయనకు విశాఖపట్టణము జిల్లాలోని చోడవరమునకు బదిలీ కాగా, అక్కడనే 1875లో విషజ్వరముచే మరణించిరి. అప్పటికి బాలుడు పండ్రెండేండ్లవాడు. తండ్రి పోయిన యింట పిల్లవాని చదువు నిలుచుట ఆ దినములలో తరచుగా జరుగుచుండెడిదే. ఈ బాలుని చదువు మాత్రము నిలువలేదు. విజయనగరమున మేనమామగారి యింట నుండి, మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివి, 1879లో మెట్రిక్యులేషను పరీక్ష నిచ్చెను. ఆ పాఠశాలలో ఆయనతోడి విద్యార్థి గురజాడ అప్పారావుగారు. ఒకే బడి బల్లలమీద కూర్చుండిన ఆ యిద్దరు బాలురును ముందు ముందు తెలుగు రచన నడకనే మార్చివేయుదురని నాటి ఉపాధ్యాయు లూహించి యుండరు.

కుటుంబభారము మీద పడుటచే పంతులుగారు పై చదువునకు పోక, 1880లో పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయుడుగా చేరిరి. చిన్న తరగతులకు చరిత్ర చెప్పుట వారి మొదటి పని. పగలు పాఠములు చెప్పుచు, రాత్రులు తాము చదువుకొనుచు, 1886లో ఎఫ్. ఏ. పరీక్షయందును, కొన్నేండ్లకు బి. ఏ. పరీక్షయందును ప్రైవేటుగానే కృతార్థులైరి. పాఠశాల కళాశాల కాగా ఆ తరగతులకును పాఠములు చెప్పిరి. ఇట్లు ఉద్యోగముననే యుండి తమకు తామే చదువుకొనినవారు గావుననే, చదువులో మెట్టు ఎక్కడ జారునో, కాలు ఎక్కడ నిలుచునో వారికి బాగుగ తెలిసెను.

ఈ స్వయంకృషికి ఒక చిత్రమైన నిదర్శనము కలదు. పర్లాకిమిడికి చేరువను వంశధారా తీరమున ముఖలింగ క్షేత్రమున్నది. అచ్చటి ఆలయముల గోడలమీదను స్తంభములమీదను తూర్పుగాంగుల కాలపు శాసనములు చెక్కబడి యున్నవి. చరిత్ర చెప్పు ఉపాధ్యాయునికి ఆ రాళ్లు చూచి ఊరకుండ మనసొప్పలేదు. నేర్పువారు దగ్గర లేకున్నను, ప్రాచీనలిపులను గూర్చిన గ్రంథములు తెప్పించుకొని, ఆ లిపి నేర్చి, శాసనములను తామే చదువసాగిరి. అప్పటికి వారు పట్టభద్రులు కానున్నవారు. ఐనను ఆ రాతిముందు నిలిచినప్పుడు అక్షరములు రాని శిశువుతో సమానులే. తెలిసిన యక్షరమును ఆధారముగా పట్టుకొని తెలియని యక్షరమును గుర్తించుట, ఒక మాట తెలిసినపిమ్మట దాని వెలుతురులో ప్రక్కమాటను చూచుట, ఇదియే పాతలిపిని చదువు విధము. శిశువు చదువు నేర్చుటయు నిట్లే. అర్థము తోడు రాకున్న అక్షరము రాయి. అర్థము తోడైన రాయియు పలుకును.

పర్లాకిమిడి చుట్టును కొండలు. ఆ కొండలలో సవరలు నివసింతురు. వారి భాష తెలుగునకు గాని ఒడియాకు గాని చుట్టము కాదు. సంతాలీ, ముండారీ మొదలగు భాషలు చేరిన ముండా కుటుంబములోనిది. ఆ కాలమున దానికి లిపి లేదు; పుస్తకము లేదు; వ్యాకరణము లేదు. సవరలు కొండ దిగి పల్లపువారితో వ్యవహరించునప్పుడు తమ మాట ఎదుటివానికి తెలియదు, ఎదుటివాని వ్రాత తమకు తెలియదు. వ్రాత తెలియనివాడు వ్రాసినవాని దయమీద బ్రదుకవలసి వచ్చును. లెక్కలు వ్రాయు వృత్తిలోని వాడను గావున ఈ సంగతి నాకు వేరుగ చెప్పనక్కరలేదు. తన పేరిట వ్రాసిన కాగితము క్రింద, అందేమున్నదో తెలియక వ్రేలిముద్ర వేయువాని ముఖము చూచినవారికి చదువు విలువ తెలియును.

వీరికి చదువు చెప్పవలెనని పంతులుగారికి కోరిక కలిగెను. ఇచ్చటనే వారి బుద్ధివిశేషము కనబడుచున్నది. మరియొకరైనచో తెలుగు వాచకమును తీసికొని కొండమీదికి పోయి, ఆ బాలురచే అక్షరములు వల్లె వేయించెడివారు. పంతులుగారు అట్లు చేయక, ముందుగా తామే శిష్యులైరి. తెలుగును సవరయు రెండును తెలిసిన వానినొకనిని తమ యింటనే యుంచుకొని, వానివలన సవరభాష నేర్చుకొనసాగిరి. కులపు కట్టుబాట్లు గట్టిగానున్న ఆ దినములలో ఇట్టి పని చేయుటకు గుండె ధైర్యము కావలెను. సవరలో గొంతును చటుక్కున బిగబట్టి విడుచు ధ్వని యొకటి కలదు. అది తెలుగులో లేదు. అట్టి ధ్వనులను చెవితో పట్టుకొని, నోట పలికి, వ్రాతలో గురుతు పెట్టవలెను. ఇది ఒకనాటి పని గాదు. వినుట, వ్రాయుట, తిరిగి చదివి వినిపించుట, తప్పు దిద్దించుకొనుట, ఇట్లు ఏండ్లు గడచెను.

పిమ్మట సవరభాషలో వాచకములు, కథల పుస్తకములు, పాటల పుస్తకములు సిద్ధము చేసిరి. లిపి తెలుగు లిపి. మాట సవర మాట. సొంత ధనముతో బడులు పెట్టిరి. ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. సవర బాలురను తమ యింట నుంచుకొని, అన్నము పెట్టి చదువు చెప్పిరి. అట్లు వారి గృహమే మొదటి సవర పాఠశాల యయ్యెను. ప్రభుత్వము వారి పరిశ్రమకు మెచ్చి బహుమానము నియ్యజూపగా, తాము పుచ్చుకొనక, ఆ ధనముతో సవరలకు బడి పెట్టవలసినదని కోరిరి. 1913లో ప్రభుత్వము బిరుదము నిచ్చి గౌరవించెను. ముప్పదియైదేండ్లకు పైబడిన యీ కృషి ఫలముగా 1931లో సవర వ్యాకరణమును, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును మద్రాసు ప్రభుత్వమువారు అచ్చొత్తించిరి. భాషాశాస్త్రజ్ఞులు నేటికిని ఆ గ్రంథములను ఆదరముతో చూచుచున్నారు.

ఈ పుణ్యమునకు వారు చెల్లించిన మూల్యము చిన్నది కాదు. కొండలలో తిరుగుటచే మన్యపు జ్వరము పట్టుకొనెను. దానికై విశేషముగా పుచ్చుకొనిన క్వినైనా మందువలన చెవుడు వచ్చెను. చెవితో విని ఒక జాతి భాషకు వ్రాత సంపాదించి యిచ్చిన మహానుభావునకు ఆ చెవియే మూతపడెను. దానికి క్రుంగి పని మానినవారు కారు. ఎదుటివారు కాగితముమీద వ్రాసి చూపగా చదువుకొని, తాము నోటితో బదులు చెప్పుచు వాదములు సాగించిరి. పర్లాకిమిడి ఉద్యోగము 1911లో విరమించిన తరువాతనే వారి జీవితములోని పెద్ద పోరాటము ముదిరెను.

ఆ పోరాటపు తత్త్వమును కొంచెము వివరింపవలసి యున్నది. సవర బాలుడు తన మాటలే పుస్తకములో చూచినప్పుడు చదువు త్వరితముగ పట్టుబడును. తెలియని భాషలోని మాటలైనచో ధ్వని వచ్చునే గాని యర్థము రాదు. ఈ సత్యమును ఇంటిలోనే అనుభవముచే తెలిసికొనిన పంతులుగారు, తెలుగు బాలుని స్థితి యేమని ఆలోచించిరి. తెలుగు బాలుడు తెలుగు పుస్తకమునే చదువుచున్నాడు గదా యని మనకు తోచును. కాని ఆ కాలపు వాచకములలోని తెలుగు, చిన్నయసూరిగారి నీతిచంద్రిక త్రోవను నడచిన తెలుగు. అయిదేండ్ల పిల్లవాడు ఇంటిలో వచ్చాడు అనును. పుస్తకములో వచ్చెను అని యుండును. వాడు పాలు తాగాను అనును. పుస్తకములో పాలు త్రావితిని అని యుండును. వాడెక్కునది గుర్రం, పుస్తకములోనిది గుఱ్ఱము.

మన లిపి నేర్చుట సులభకార్యము కాదు. ఏబదియారు అక్షరములని చెప్పుకొందుము. అవి వచ్చిన తరువాత తలకట్టు, దీర్ఘము, గుడి, కొమ్ము, ఎత్వము, ఒత్వము మొదలగు గుణింతపు గురుతులు రావలెను. మీదట ఒత్తులు. తకారము, మకారము, యకారము, లకారము వంటివాని ఒత్తులకు అసలు అక్షరముతో పోలికయే కనబడదు. ప, ష, ఫ అను మూటికి భేదము తెలిసికొనలేక కన్ను తడబడును. ఇంత బరువును శిశువు తల మోయుచుండగా, పైన తెలియని మాటల మూట యొకటి పెట్టినచో ఏమగును? వాడు చదువుట మాని వల్లించుట మొదలుపెట్టును. పుస్తకము మూసినను అదే పాఠమును గడగడ అప్పగించును. పెద్దలు మురిసిపోవుదురు. ఆ పుటలోని మాటనే మరియొక పుటలో చూపినచో గుర్తింపలేడు. ఈ రోగము నాటిదే యనుకొనరాదు. నేటికిని మన యిండ్లలో నున్నది.

1907 ప్రాంతమున యేట్సు అను ఇంగ్లీషుదొర ఉత్తర సర్కారులలో పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చెను. తెలుగు నేర్చుకొనుచుండిన ఆయనకు, జనులు మాటలాడు తెలుగొకటి, పుస్తకములలోని తెలుగొకటిగా నుండుట వింతగా కనబడెను. దీనికి సమాధానము వెదకుచు గిడుగువారిని, గురజాడవారిని కలిసికొనెను. విశాఖపట్టణమున కళాశాలాధ్యక్షులైన పి. టి. శ్రీనివాస అయ్యంగారును వారితో చేరిరి. ఈ నలుగురి ఆలోచనలనుండి వ్యావహారిక భాషోద్యమము బయలుదేరెను. బాలురకు చదువు చెప్పునప్పుడు జీవద్భాషలో చెప్పవలెననునదే దాని మొదటి సూత్రము.

ఎదురు నిలిచినవారును సామాన్యులు కారు. వారిలో ముఖ్యులు జయంతి రామయ్య పంతులుగారు మన కోనసీమవారే. ముక్తేశ్వరము వారి జన్మస్థానము. ఉన్నతోద్యోగము చేసి, ఆంధ్రసాహిత్య పరిషత్తును 1911లో స్థాపించి, సూర్యరాయాంధ్ర నిఘంటువు నిర్మాణమునకు పూనుకొనిన మహానుభావులు. నన్నయనాటి నుండి వచ్చుచున్న భాష ఒక్కటియే తెలుగు నాటి జిల్లాలన్నింటిని కలిపి యుంచుచున్నదనియు, నోటిమాట జిల్లా జిల్లాకును మారును గావున దానిని వ్రాతకెక్కించినచో ఐక్యము చెడుననియు వారి భయము. అది స్వార్థముతో పుట్టిన భయము కాదు. భాషయందలి ప్రేమచే పుట్టినది. నావంటి కావ్యరసికులకు ఆ భయము నేటికిని అర్థమగును.

1913లో ఇరుపక్షములవారును తమ తమ వాదములను ఇంగ్లీషులో పుస్తకములుగా ప్రకటించిరి. పాఠశాలాంత పరీక్షలో విద్యార్థులు తమకు నచ్చిన శైలిలో వ్యాసము వ్రాయవచ్చునని ప్రభుత్వము ఒకసారి అనుమతించి, ఆందోళన పెరుగగా వెనుకకు తీసికొనెను. 1914లో గురజాడవారు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అసమ్మతి పత్రము సమర్పించిరి. 1915 నవంబరులో వారు గతించిరి. చిన్ననాటి చెలికాడు పోయిన పిమ్మట గిడుగువారు దాదాపుగా ఒంటరియై ఊరూర తిరిగి ఉపన్యసించిరి. 1919 ఫిబ్రవరిలో రాజమహేంద్రవరమున వర్తమానాంధ్ర భాషాప్రవర్తక సమాజము ఏర్పడెను. కందుకూరి వీరేశలింగము పంతులుగారు దానికి అధ్యక్షులు, గిడుగువారు కార్యదర్శి. తమ జీవితమంతయు గ్రాంథికమున గద్యము వ్రాసిన వీరేశలింగముగారు కడపట ఈ పక్షమున నిలుచుట సామాన్యవిషయము కాదు. అదే సంవత్సరము మే నెలలో వారును స్వర్గస్థులైరి. గిడుగువారు ఆ సంవత్సరముననే తెలుగు అను మాసపత్రికను ప్రారంభించి ఒక యేడు నడపిరి. తుదకు 1924లో కాకినాడయందు ఆంధ్రసాహిత్య పరిషత్తే వ్యావహారికముపై నుండిన నిషేధమును తొలగించెను.

గిడుగువారు ప్రాచీనకావ్యములకు శత్రువులని తలచుట పెద్ద పొరపాటు. నన్నయ తిక్కనల ప్రయోగములు వారికి కరతలామలకములు. తాము గ్రాంథికము వ్రాయుచున్నామని చెప్పుకొను పండితుల రచనలలో వ్యాకరణ విరుద్ధములైన రూపములు ఎన్ని కలవో ఏరి చూపి, గ్రాంథికము పూర్వుల కావ్యములయందు నిలిచిన భాషయే గాని ఇప్పటివారి కలమునకు వశమగునది కాదని నిరూపించిరి. పంతులుగారే యుండిన ఈ వ్యాసమును గూడ విడిచిపెట్టెడివారు కారు. పెద్దల ధాటి యట్టిది! గద్యచింతామణి యను గ్రంథమున పూర్వకాలపు వాడుక గద్యములను కూర్చి చూపిరి. వ్యవహారమునకు వ్రాసిన వ్రాతలలో మనవారు ఏనాడును నోటిమాటకు దూరముగా పోలేదు. కరణముల కవిలెలు, దానపత్రములు, ఉత్తరములు వాడుకభాషలోనే యుండెడివి. పొలము హద్దులు వ్రాయునప్పుడు ఊరివారందరికిని అర్థము కాకున్న ఆ వ్రాత ఎవరికి పనికివచ్చును? పెద్దలకు వర్తించిన న్యాయము పిల్లలకు వర్తింపకుండుట ఏల యని వారి ప్రశ్న.

కడపటి దినములలో వారికొక కష్టము కలిగెను. 1936 ఏప్రిలు 1వ తేదీని ఒడిషా రాష్ట్రము ఏర్పడినప్పుడు పర్లాకిమిడి పట్టణమును అందులో చేర్చిరి. అది వారికి సమ్మతము కాలేదు. ఏబదియారేండ్లు నివసించిన యూరిని, సవర బాలురకు అన్నము పెట్టిన యింటిని విడిచి, మన గోదావరి తీరమునకు, రాజమహేంద్రవరమునకు వచ్చి చేరిరి. అప్పటికి వారు డెబ్బది దాటిన వృద్ధులు. 1933లో పండితులు వారి సప్తతికి వ్యాససంపుటమును సమర్పించి యుండిరి. 1934లో కైసరెహింద్ స్వర్ణపతకము లభించినది. 1938లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించెను. 1940 జనవరి 22వ తేదీని పంతులుగారు పరమపదించిరి. వారి కుమారుడు గిడుగు వెంకట సీతాపతిగారు తండ్రిగారి సవరభాషాకృషిలో తోడ్పడి, దానిని కొనసాగించుటయే గాక, పిల్లల కొఱకు గేయములు వ్రాసి బాలసాహిత్యమునకు మార్గదర్శకులైరి. తండ్రి త్రోవ తీసెను. కొడుకు ఆ త్రోవమీద పిల్లలను ఆడించెను.

ఇక ఈ చరిత్రము మలికిపురమువారికి ఏమి యుపయోగమని ఎవరైన అడుగవచ్చును. మన కోనసీమలో అనేక గృహముల యజమానులు, ఒక్కొక్కచోట తల్లులు సైతము, గల్ఫు దేశములకు పోయి కష్టించుచున్నారు. పిల్లలు అమ్మమ్మల యొద్దను తాతల యొద్దను పెరుగుచున్నారు. ఉదయమున బస్సెక్కి ఇంగ్లీషు బడులకు పోవుచున్నారు. అక్కడ మొదట చూచునది పరభాషలోని మాట. ఇంటికి వచ్చిన పిమ్మట తెలుగక్షరము చూపువారు లేరు. కువైటునుండి తండ్రి తెలుగులో నాలుగు పంక్తులు వ్రాసి ఫోనులో పంపినచో, నాలుగవ తరగతి పిల్లవాడు చదువలేక ఇరుగుపొరుగువారిని పిలుచుచున్నాడు. నాటి సవర బాలునికిని ఈ బాలునికిని భేదమేమున్నది? ఇద్దరికిని ఇంటి మాట ఒకటి, బడి పుస్తకపు మాట మరియొకటి.

ఇంగ్లీషు వలదని నేననుట లేదు, పంతులుగారును అనలేదు. ఆయనయే ఇంగ్లీషు నేర్పిన గురువు. ఐతే ఇంటిలో శిశువునకు చదువు నేర్పువారు వారి నడతనుండి నేర్చుకొనదగిన సంగతులు కొన్ని కలవు. మొదటిది వినుట. పిల్లవాడు ఏ మాటలు పలుకుచున్నాడో విన్నవారే వానికి ఏ మాటలు వ్రాసి చూపవలెనో తెలిసికొందురు. రెండవది, వాని మాటనే వ్రాసి చూపుట. పిల్లవాడు సాయంకాలము వచ్చి, కాలువ గట్టున తాబేలు కనబడినదని చెప్పినచో, ఆ మాటలనే, వాడు పలికినట్లుగానే, పెద్ద యక్షరములతో పలకమీద వ్రాసి, వ్రేలు పెట్టి చూపుచు చదివింపవలెను. తాను పలికిన మాట వ్రాతలో నిలిచి తిరిగి తనతో పలుకుట చూచినప్పుడు శిశువునకు కలుగు వింత ఇంతంత గాదు. అది కలిగినచో చదువుమీది భయము సగము తీరును.

మూడవది, అర్థము తెలియని వల్లింపును నమ్మకుండుట. పిల్లవాడు పాఠమును అప్పగించినప్పుడు, అందలి మాటనొకదానిని వేరొకచోట వ్రాసి చూపవలెను. గుర్తించినచో చదువు, గుర్తింపనిచో కంఠపాఠము. కంఠపాఠము చెడ్డది కాదు. నోటికి వచ్చిన పాటను, పద్యమును పుస్తకములో చూపి, వ్రేలు కదపుచు చదివించినచో అది మిక్కిలి మంచి సాధనమగును. తెలిసిన ధ్వని తెలియని యక్షరమునకు దీపము పట్టును. నాలుగవది, గుణింతములును ఒత్తులును తొందరించి మీదికి త్రోయకుండుట. అమ్మ, అక్క, అన్నము, పువ్వు అను ఇంటి మాటలలోనే సగము ఒత్తులు వచ్చియున్నవి. అయిదవది, దినమునకు పదినిముషములైనను తప్పక కూర్చుండుట. పంతులుగారి కృషి ఏండ్ల తరబడి తెగక సాగినది. పెద్దల యోర్పు తెగినచో పిల్లల చదువును తెగును.

అక్షరములు రాని అమ్మమ్మ లేమి చేయవలెనని సందేహింపవలదు. కథ చెప్పుటకు అక్షరము లక్కరలేదు. ఆమె చెప్పిన కథను అక్కయో అన్నయో వ్రాసి పెట్టినచో తమ్మునికి అదియే మొదటి వాచకము. పంతులుగారి సవర గురువును పుస్తకములు చదివిన పండితుడు కాడు. నోట భాష యుండుటచే ఆతడు గురువయ్యెను. ఆ న్యాయముచే మన యింటి ముసలమ్మలందరును గురువులే.

వాడుకమాటతో మొదలుపెట్టిన పిల్లలు కావ్యములను మరచిపోవుదురని జయంతివారి కాలమున భయపడిరి. నా యనుభవము వేరుగ నున్నది. మా తరమువారిలో పలువురము చందమామ చదివి చదువరులమైతిమి. 1947లో మద్రాసున పుట్టిన ఆ పత్రిక సరళమైన వాడుక తెలుగులో కథలు చెప్పెడిది. ఇప్పుడది వెలువడుట లేదు. దానిని చదివి చదువుమీద ప్రీతి పుట్టినవారిలోనే కొందరు తరువాత భాగవతమును తెరచిరి. మొదటి మెట్టు నేలకు దగ్గరగా నున్నచో మేడ ఎత్తు తగ్గదు. ఎక్కువారి సంఖ్య పెరుగును. పోతన్నగారి పద్యము మేడమీదనే యున్నది. పంతులుగారు ఆ మేడకు క్రింది మెట్టు కట్టిరి.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండించుకొనినది. ఇంకొక యిరువదియైదేండ్లకు స్వర్ణోత్సవము జరుపువారు నేడు అయిదేండ్ల పిల్లలుగా మన వాకిళ్లలో ఆడుకొనుచున్నారు. వారు చదువరులు కానిచో ఈ బీరువాలకు తాళమే మిగులును. కావున పాఠకమహాశయులు తాము పుస్తకము తీసికొనిపోవునప్పుడెల్ల, పెద్దబొమ్మలును చిన్నవాక్యములును గల పిల్లల పుస్తకము నొకదానిని గూడ వెంట తీసికొనిపోయి, దీపము పెట్టిన పిమ్మట మనుమని ప్రక్కన కూర్చుండబెట్టుకొని చదివింతురు గాక. గిడుగు రామమూర్తి పంతులుగారికి మన గ్రామము చేయగల సత్కారము అదియే.